అరచేతి బొబ్బలే సాక్ష్యం

కరువులో కాలువ తవ్వించిన క్లౌ దొర జీవితం మనకేం నేర్పుతుంది?

ఇంట్లో ఒక మనిషి పోయిన ఏడాదే మీకు పరీక్షలు వచ్చాయనుకోండి. పుస్తకం తెరిస్తే అక్షరాలు కనపడవు. పలకరించడానికి వచ్చినవాళ్లు ధైర్యంగా ఉండమంటారు, నవ్వుతూ ఉండమంటారు. వాళ్లు మంచికే చెబుతారు. కానీ ఆ మాట విన్నప్పుడు మీకు ఒళ్లు మండుతుంది. ఏం చూసి నవ్వాలి? ఎందుకు నవ్వాలి? నవ్వితే పోయినవాళ్లను మరిచిపోయినట్టు కాదా?

ఈ ప్రశ్న వెలిగండ్లలో ఉన్నవాళ్లకు కొత్తది కాదు. వాన పడక బోరు ఎండిపోతే ఊళ్లో సగం ఇళ్లకు తాళాలు పడతాయి. పనులు వెతుక్కుంటూ అమ్మానాన్న హైదరాబాదో బెంగళూరో వెళ్తారు. పిల్లలు నాయనమ్మ దగ్గర ఉండి చదువుకుంటారు. పడమటి ప్రకాశంలో దుఃఖం ఒక్కోసారి కబురు పెట్టి వస్తుంది, ఒక్కోసారి చెప్పకుండానే వస్తుంది. వచ్చినప్పుడు మనం ఏం చేయాలన్నదే అసలు సంగతి.

దాదాపు నూట యాభై ఏళ్ల కిందట ఈ నేల మీదే ఒక మనిషి ఆ ప్రశ్నకు తన జీవితంతో జవాబు చెప్పాడు. ఆయన పేరు జాన్ ఎవరెట్ క్లౌ. మన పెద్దలు క్లౌ దొర అనేవారు. ఒంగోలులో ఆయన పేరుతో ఆసుపత్రి ఉంది కాబట్టి ఆ పేరు మీరు వినే ఉంటారు. ఆ పేరు వెనక ఏం జరిగిందో మాత్రం చాలామందికి తెలియదు. మీది ఏ మతమైనా సరే, చివరిదాకా చదవండి.

గొలుసు పట్టిన కుర్రాడు

క్లౌ 1836 జులై 16న అమెరికాలోని న్యూయార్క్ రాష్ట్రంలో పుట్టాడు. రైతు కుటుంబం. కొత్త భూములు వెతుక్కుంటూ కుటుంబం పడమటికి వలస పోయింది. ముందు ఇల్లినాయి, ఆ తర్వాత అయోవా. వలస అంటే ఏమిటో ఆయనకు చిన్నప్పుడే తెలుసన్నమాట.

ఇంకా మీసాలు కూడా సరిగా రాని వయసులో మిన్నెసోటా అడవుల్లో ప్రభుత్వ సర్వే పనికి వెళ్లాడు. డేరాల్లో పడుకోవడం, గొలుసు పట్టి నేల కొలవడం, ఎత్తుపల్లాలు లెక్క కట్టడం, కూలీలను కూడగట్టి పని చేయించడం నేర్చుకున్నాడు. చేతిలో నాలుగు డబ్బులు పడ్డాక చదువు మొదలెట్టాడు. లాయరు కావాలన్నది ఆయన కోరిక. చదువుకునే రోజుల్లోనే మనసు విశ్వాసం వైపు తిరిగింది. 1861లో హారియెట్ సండర్‌లాండ్‌ను పెళ్లి చేసుకున్నాడు. లాయరు కోటు పక్కన పెట్టి, సువార్త పనికి వెళ్లాలని నిర్ణయించుకున్నాడు.

ఇక్కడ ఒక్క క్షణం ఆగండి. అడవిలో నేర్చుకున్న సర్వే పని ఈ కొత్త దారిలో ఎందుకు పనికొస్తుంది? అప్పట్లో ఆయన కూడా దాన్ని వదిలేసిన పని అనే అనుకుని ఉంటాడు. ఈ గొలుసు సంగతి గుర్తుపెట్టుకోండి. మళ్లీ వస్తుంది.

మూసేద్దామనుకున్న పని

ఆయన వచ్చి చేరిన మిషన్ అమెరికన్ బాప్టిస్టులది. 1840లో నెల్లూరులో స్థిరపడింది. ఏళ్లు గడిచినా చేరినవాళ్లను వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. ఇంత ఖర్చు ఎందుకు, మూసేసి వేరే దేశానికి పోదామని అమెరికాలో పెద్దలు ఒకటికి రెండుసార్లు ఆలోచించారు. మ్యాపు మీద ఒంటరి చుక్కలా మిగిలింది కాబట్టి దానికి ఒంటరి నక్షత్రం అని పేరు కూడా పడింది.

1854 జనవరి 1 తెల్లవారుజామున లైమన్ జూవెట్, ఆయన భార్య, మరో ముగ్గురు తెలుగు క్రైస్తవులు ఒంగోలులో ఒక కొండ ఎక్కారు. మొత్తం ఐదుగురు. కింద కనిపిస్తున్న ఊళ్ల కోసం, ఒంగోలుకు ఒక మనిషిని పంపమని ప్రార్థించి దిగి వచ్చారు. ఆ కొండను నేటికీ ప్రార్థన కొండ అంటారు. వాళ్లు దిగి వచ్చేసరికి కింద ఏమీ మారలేదు. ఆ తర్వాత పన్నెండేళ్ల దాకా కూడా పెద్దగా మారలేదు. 1862లో జూవెట్ ఆరోగ్యం పాడై అమెరికా వెళ్తే, పని ఆపేద్దామన్న మాట మళ్లీ వచ్చింది. ఎవరూ రాకపోతే ఒక్కణ్నే వెనక్కి పోతానని ఆయన పట్టుబట్టాడు. అప్పుడు తోడు దొరికినవాడే క్లౌ.

1864 చివర్లో బోస్టన్‌లో ఓడ ఎక్కి, నెలల తరబడి ప్రయాణం చేసి 1865లో మద్రాసులో దిగారు. నెల్లూరులో తెలుగు నేర్చుకుని 1866 సెప్టెంబరులో క్లౌ దంపతులు ఒంగోలు చేరారు. 1867 జనవరి 1న ఎనిమిది మందితో ఒంగోలు సంఘం మొదలైంది. ఎనిమిది మందే!

పేరయ్య నడిచొచ్చిన దారి

ఈ కథలో క్లౌ ఒక్కడే లేడు. అసలు తలుపు తీసింది మన కనిగిరి వైపు మనిషి. పేరు యర్రగుంట్ల పేరయ్య. ఊరు తాళ్లకొండపాడు. మాదిగ కులం, తోళ్ల వ్యాపారం. తోళ్ల బేరానికి ఉత్తరాన గోదావరి జిల్లాల దాకా వెళ్లేవాడు. అంతకుముందే రాజయోగ సాధన చేసినవాడు. దేవుడి కోసం లోలోపల వెతుకుతున్నవాడు. ఏలూరు వైపు వెళ్లినప్పుడు మిషనరీల మాటలు విన్నాడు. ఆ మాటను ఇంటికి మోసుకొచ్చాడు. 1866లో భార్య నాగమ్మతో కలిసి కాలినడకన ఒంగోలు వచ్చి జూవెట్ చేతుల మీదుగా బాప్తిస్మం తీసుకున్నాడు.

తర్వాత ఆయన చేసిన పని చూడండి. ఊరికి తిరిగొచ్చి ఇల్లిల్లూ తిరిగాడు. చుట్టుపక్కల ఊళ్లకు నడిచాడు. కొన్నాళ్లకు దొరగారిని మా ఊరు రమ్మని పిలిచాడు. 1867 జనవరిలో క్లౌ తాళ్లకొండపాడు దగ్గర చింతతోపులో డేరా వేశాడు. చుట్టుపక్కల ఊళ్ల నుంచి మూటాముల్లె కట్టుకుని జనం వచ్చారు. కొన్ని రోజులు వాళ్లతోనే ఉండి, ప్రశ్నలు అడిగి, చివరికి ఇరవై ఎనిమిది మందికి బాప్తిస్మం ఇచ్చాడు. క్లౌ ముందు ఇటువంటిది ఎన్నడూ చూడలేదు. కొత్తవాడు క్లౌ, దారి చూపినవాడు పేరయ్య. చరిత్ర పుస్తకాల్లో దొర పేరు పెద్ద అక్షరాల్లో ఉంటుంది గానీ, ఈ ఇద్దరి పేర్లూ పక్కపక్కనే చదవాలి.

రెండు గుమ్మాల మధ్య

ఒంగోలులో అగ్రకులాల వాళ్లు కొందరు క్లౌ మాటల మీద ఆసక్తి చూపించారు. వాళ్ల పిల్లలు బడికి వచ్చారు. వాళ్లు చేరితే ఊళ్లో గౌరవం వస్తుంది, పని వేగంగా సాగుతుంది. అదే సమయంలో మాదిగవాడల నుంచి జనం రావడం మొదలైంది. వీళ్లను చేర్చుకుంటే మేం రాము, మా పిల్లల్నీ పంపం అని పెద్దకులాల వాళ్లు తేల్చి చెప్పారు.

ఎవరిని వదులుకోవాలి? క్లౌకి నిద్ర పట్టలేదు. ఒక గదిలో ఆయన, ఇంకో గదిలో హారియెట్ ఎవరికి వారుగా బైబిల్ తెరిచారు. ఒకరికొకరు చెప్పుకోకుండానే ఇద్దరి కళ్లూ పౌలు కొరింథీయులకు రాసిన మొదటి పత్రికలో ఒకే చోట ఆగాయి. లోకం బలహీనులనీ నీచులనీ తోసేసిన వారినే దేవుడు ఏర్పరచుకుంటాడని చెప్పే చోటు అది. భార్యాభర్తలు ఆ సంగతి చెప్పుకుని ఆశ్చర్యపోయారు. మాదిగలను చేర్చుకున్నారు. పెద్దకులాల పిల్లలు బడి మానేశారు. గౌరవం వస్తుందనుకున్న దారి మూసుకుపోయింది.

చేరినవాళ్లకు మాత్రం సుఖం దొరికిందా? లేదు. జాతరలో డప్పు కొట్టం, చచ్చిన పశువు మాంసం తినం, ఆదివారం పనికి రాం అన్నందుకు ఊరి పెద్దలు వాళ్లకు పనులు ఆపేశారు. నీళ్లకు, దారికి కూడా అడ్డుపడిన ఊళ్లున్నాయి. క్లౌ అధికారుల చుట్టూ తిరిగాడు, అర్జీలు పెట్టాడు. విశ్వాసం మొదలైంది కాబట్టి కష్టం తగ్గిందనుకోకండి. వాళ్ల విషయంలో కష్టం పెరిగింది. అయినా మాదిగవాడల్లో రాత్రిపూట పాటలు మొదలయ్యాయి. అంతవరకు తమను మనుషులుగా లెక్కచేయని లోకంలో, మీరు నాకు కావాలి అని పిలిచిన దేవుడు ఉన్నాడన్న మాట వాళ్లకు అన్నం లాంటిది. ఆ సంతోషం ఊరి పెద్దలు ఇచ్చింది కాదు కాబట్టి, ఊరి పెద్దలు దాన్ని వెనక్కి తీసుకోలేకపోయారు.

ధాత కరువు

1876లో వాన ముఖం చాటేసింది. 1877లోనూ అంతే. మన పెద్దలు దాన్ని ధాత కరువు అన్నారు. 1876–78 మధ్య దక్షిణ భారతంలో ఆ కరువుకు, దాని వెంట వచ్చిన రోగాలకు లక్షలాది మంది చనిపోయారు. తక్కువలో తక్కువగా వేసిన లెక్కలే యాభై లక్షలు దాటుతాయి. గింజలు లేక కాదు, కొనే శక్తి లేక చనిపోయినవాళ్లే ఎక్కువ. రైళ్ల మీద ధాన్యం వచ్చినా ధర ఆకాశంలో ఉంది. ప్రభుత్వం సహాయ పనులు పెట్టింది గానీ, 1877లో సర్ రిచర్డ్ టెంపుల్ సిఫారసుతో మగ కూలీకి రోజుకు సుమారు 450 గ్రాముల ధాన్యం, పైన కొద్దిపాటి డబ్బు చాలన్నారు. రోజంతా మట్టి మోసేవాడికి అది ఏ మూలకు?

ముందు దెబ్బ తగిలేది ఎవరికో మీకు తెలుసు. పొలం లేనివాళ్లకు, గాదెలో గింజ లేనివాళ్లకు. పంట ఉంటేనే మాదిగవాడకు గింజలు. పంటే లేదు. కనిగిరి, పొదిలి, కంభం వైపు నుంచి జనం ఎండిన దారుల వెంట తూర్పుకు నడిచారు. దారిలోనే పోయినవాళ్లు ఎందరో.

ఒంగోలులో క్లౌ ఇంటి ముందు ఆకలితో జనం. చందాలు తెప్పించి పంచాడు. ఎంతని పంచగలడు? ఏడుస్తూ కూర్చోవచ్చు. ఇది దేవుడి చిత్తం అని సర్దిచెప్పుకుని తలుపు వేసుకోవచ్చు. స్వర్గంలో అన్నీ దొరుకుతాయని ఆకలితో ఉన్నవాళ్లకు ప్రసంగం చేయొచ్చు. ఆయన ఈ మూడూ చేయలేదు.

ఇప్పుడు ఆ గొలుసు గుర్తు చేసుకోండి. కోస్తా వెంట సాగే బకింగ్‌హామ్ కాలువను ప్రభుత్వం కరువు పనిగా తవ్విస్తోంది. కాంట్రాక్టర్ల దగ్గర కూలీలకు తిట్లు, దెబ్బలు, కూలిలో కోతలు. మాదిగలంటే మరీ చులకన. కాలువలో మూడున్నర మైళ్ల ముక్కను క్లౌ తానే కాంట్రాక్టు తీసుకున్నాడు. ఇరవయ్యేళ్ల కిందట మిన్నెసోటా అడవిలో నేర్చుకున్న కొలత పని, ఎత్తుపల్లాల లెక్క, కూలీలను నడిపించే నేర్పు అన్నీ ఒక్కసారిగా అక్కరకొచ్చాయి. రాజుపాలెం దగ్గర శిబిరం లేచింది. తాటాకు గుడిసెలు వేశారు. తాగునీటికి బావులు తవ్వారు. బోధకులనే మేస్త్రీలుగా పెట్టాడు. పారలు, గడ్డపారలు, తట్టలు. మగవాళ్లు తవ్వితే ఆడవాళ్లు మట్టి మోశారు. తవ్విన మట్టిని కొలిచి కూలి ఇచ్చారు. ఇక్కడ కొట్టరు, తిట్టరు, కూలి సరిగా ఇస్తారన్న కబురు ఊరూరా పాకింది. వేల మంది వచ్చారు.

మధ్యాహ్నం ఎండలో తవ్వేవాళ్లు కాసేపు నీడన కూలబడితే, బోధకులు పక్కన కూర్చుని మాట్లాడేవాళ్లు. భారం మోసి అలసిపోయినవాళ్లను విశ్రాంతికి రమ్మని యేసు పిలిచిన సంగతి చెప్పేవాళ్లు. తలమీద తట్ట అప్పుడే దించినవాడికి భారం అనే మాటను విడమరిచి చెప్పాలా? ఆ మాట విని, ఇంకోసారి చెప్పమని అడిగేవాళ్లు. ఇంటికి వెళ్లేటప్పుడు దాన్ని ఊరికి పట్టుకుపోయేవాళ్లు.

శిబిరంలోకి కలరా వచ్చింది. నిన్న పక్కన తవ్వినవాడు ఇవాళ లేడు. అప్పుడూ క్లౌ చావును తేలిక చేసి మాట్లాడలేదు. పని నడిపించాడు, రోగుల మధ్య తిరిగాడు. దుఃఖంలో సంతోషాన్ని ఎంచుకోవడం అంటే ఆ శిబిరంలో అర్థం ఇదే: చచ్చినవాళ్ల కోసం ఏడవాలి, బతికినవాళ్ల కోసం రేపు పొద్దున పార అందించాలి.

వద్దన్న దొర

ఇక ఈ కథలో అసలు మలుపు ఇక్కడుంది. కరువు కాలంలో వందలమంది వచ్చి మాకు బాప్తిస్మం ఇవ్వండని అడిగారు. ఏ మిషనరీకైనా అంతకంటే కావాల్సిందేముంది? క్లౌ వద్దన్నాడు. కరువు పనులు, సాయం నడిచినంత కాలం, దాదాపు పదిహేను నెలలు, ఒక్కరికీ బాప్తిస్మం ఇవ్వలేదు.

ఎందుకంటారా? ఆకలితో ఉన్నవాడు అన్నం పెట్టే చేతికి సరే అంటాడు. అది అతని ఎంపిక కాదు, ఆకలి చేసిన ఎంపిక. కడుపు నిండాక, నా చేతిలో ఇవ్వడానికి ఏమీ లేనప్పుడు, అప్పుడూ కావాలంటే రండి అన్నాడు. ఎదుటివాడి అవసరాన్ని ఆసరా చేసుకుని వాడి నమ్మకాన్ని కొనకూడదని ఆయన పట్టుదల. లెక్కలు చూపించి అమెరికాలో పేరు తెచ్చుకునే అవకాశం చేతిలో ఉండగా ఆయన ఆగాడు. తిండి కోసం చేరారన్న విమర్శ అప్పుడూ ఉంది, ఇప్పటికీ వింటాం. ఆ విమర్శను అందరికంటే ముందు తనకు తాను చేసుకున్నవాడు క్లౌ.

సంతోషాన్ని ఎంచుకోమని మనం తేలిగ్గా అంటాం. ఎంచుకోవడానికి మనిషికి కాస్త నిలబడే చోటు కావాలి. ఆకలితో ఉన్నవాడికి ముందు కూడు, తర్వాత మాట. ఆ వరసను క్లౌ తప్పలేదు.

వెల్లంపల్లి రేవు

1878లో వానలు తిరిగొచ్చే కాలానికి కాలువ పని ముగిసింది. జూన్‌లో బాప్తిస్మాలు మళ్లీ మొదలయ్యాయి. ఒంగోలుకు ఉత్తరాన పది మైళ్ల దూరంలో గుండ్లకమ్మ ఒడ్డున వెల్లంపల్లికి రమ్మని కబురు వెళ్లింది. నల్లమలలో పుట్టి, కంభం చెరువు నింపి, మన మార్కాపురం వైపు నుంచి దిగే ఏరే అది. వేలమంది వచ్చారు.

క్లౌ వాళ్లతో కటువుగానే మాట్లాడాడు. సాయం అయిపోయింది, నా దగ్గర ఇక డబ్బు లేదు, వెళ్లిపోండన్నాడు. వాళ్లు కదల్లేదు. మాకు మీ డబ్బు వద్దన్నారు. అరచేతులు చాపి బొబ్బలు చూపించారు. మేం కష్టపడి తిన్నాం, ఇకముందూ కష్టపడే తింటాం, మళ్లీ పంట పోతే చస్తాం గానీ క్రైస్తవులుగానే చస్తాం అని చెప్పారు. ఆ మాటకు ఆయన దగ్గర జవాబు లేకపోయింది.

ఒక్కొక్కరినీ వాళ్ల ఊరి బోధకుడి సమక్షంలో విచారించి పేర్లు రాశారు. జులై 2న 614 మంది. జులై 3న 2,222 మంది. జులై 4న 700 మంది. మూడు రోజుల్లో 3,536. జులై 3న పొద్దున్నే మొదలెట్టి, మధ్యాహ్నం ఎండకు ఆపి, మళ్లీ సాయంత్రం దాకా సాగింది. నీళ్లలో నిలబడింది ఆరుగురు తెలుగు బోధకులు. ఒకసారికి ఇద్దరు, అలసిపోతే మరో ఇద్దరు. క్లౌ ఆ రోజు ఒక్కరికి కూడా తన చేత్తో బాప్తిస్మం ఇవ్వలేదు. ఒడ్డున నిలబడ్డాడు. ఆ ఏడాది చివరికి లెక్క తొమ్మిది వేలు దాటింది. ఎనిమిది మందితో మొదలైన ఒంగోలు సంఘం ప్రపంచంలోకెల్లా పెద్ద బాప్టిస్టు సంఘాల్లో ఒకటైంది.

నీళ్లలో దిగిన ఆ 2,222 మందిలో ఇంట్లో ఎవరూ పోనివాళ్లు ఎందరుండి ఉంటారు? కరువు ప్రతి గడపా తొక్కింది. ఆ రోజు వాళ్లకు పోయినవాళ్లు తిరిగి రాలేదు. ఎండిన పొలాలు ఒక్క పూటలో పచ్చబడలేదు. అయినా పాడుతూ నీళ్లలోకి దిగి, పాడుతూ ఒడ్డెక్కారు. దుఃఖం తీరిపోయిందని కాదు ఆ పాట. దుఃఖంతో పాటు ఇంకొకరు తోడున్నారన్న నమ్మకంతో.

ఆయన వంతు

ఆ తర్వాత కంభం, మార్కాపురం, కనిగిరి, పొదిలిలోనూ మిషన్ కేంద్రాలు వెలిశాయి. బడులు వచ్చాయి. వెలిగండ్ల చుట్టుపక్కల పల్లెల్లో తాతముత్తాతల కాలం నాటి చర్చిలు, మొదటిసారి అక్షరం దిద్దిన కుటుంబాల కథలు ఉన్నాయంటే ఆ మూలాలు అక్కడివే. తొలిసారి పలక పట్టిన ఆ పిల్లల మనవళ్లు, మునిమనవళ్లు టీచర్లయ్యారు, నర్సులయ్యారు, ఉద్యోగులయ్యారు.

మరి క్లౌ జీవితంలో దుఃఖం తగ్గిందా? పిల్లల చదువుల కోసం కుటుంబం ఏళ్ల తరబడి సముద్రానికి అవతల ఒకరు, ఇవతల ఒకరుగా విడిపోయి బతికింది. వీడియో కాల్ లేని రోజులు, ఉత్తరం చేరడానికే వారాలు. ఒంగోలులో తనతో కలిసి మొదటి రోజు అడుగుపెట్టిన హారియెట్ ఆయన కంటే ముందే పోయింది. 1894లో ఎమ్మా రౌషెన్‌బుష్‌ను పెళ్లి చేసుకున్నాడు. మాదిగల జీవితాల గురించి, వాళ్ల గురువుల గురించి, పేరయ్య లాంటివాళ్ల గురించి వాళ్ల నోటే విని పుస్తకంగా రాసింది ఈమే. చివరి సంవత్సరాల్లో క్లౌ కిందపడి తుంటి ఎముక విరిగింది. గుర్రం మీద, ఎడ్లబండి మీద ఊరూరా తిరిగిన మనిషి కదలలేక కుర్చీకి పరిమితమయ్యాడు.

అప్పుడేం చేశాడు? తన జీవితాన్ని ఎమ్మాకు చెప్పి రాయించాడు. నడవలేని రోజుల్లో నడిచిన దారిని గుర్తు చేసుకున్నాడు. 1910 నవంబరు 24న న్యూయార్క్ రాష్ట్రంలోని రోచెస్టర్‌లో కన్నుమూశాడు. పుస్తకం 1914లో వచ్చింది.

మీ వంతు

ఈ కథ చదివి రేపటి నుంచి నవ్వుతూ ఉండండని మీకు చెప్పడం లేదు. క్లౌ చెప్పిందీ అది కాదు. ఆయన జీవితంలో సంతోషం ఎప్పుడూ ముఖం మీద మొదలవలేదు. చేతుల్లో మొదలైంది.

మీ ఇంట్లో దుఃఖం ఉంటే ముందు దాన్ని దుఃఖం అనే పిలవండి. ఏడవడం విశ్వాసం లేకపోవడం కాదు. లాజరు సమాధి దగ్గర యేసు కూడా కన్నీళ్లు పెట్టాడని బైబిలే చెబుతోంది. ఏడ్చేవాళ్లతో కలిసి ఏడవమనీ అదే చెబుతోంది. కాబట్టి మీ స్నేహితుడికి కష్టం వస్తే నాలుగు మంచిమాటలు వాట్సాప్‌లో పంపి ఊరుకోకండి. వాళ్లింటికి వెళ్లండి. బియ్యం ఉన్నాయో లేదో చూడండి. హాల్‌టికెట్ డౌన్‌లోడ్ చేయాలా, ఫీజు గడువు ఎప్పుడు, సర్టిఫికెట్ కోసం మండలాఫీసుకు ఎవరు తిరుగుతారు? ఆ పని మీరు తీసుకోండి. ముందు కూడు, తర్వాత మాట.

మీరే ఆ దుఃఖంలో ఉంటే, రోజుకు ఒక్క పని పెట్టుకోండి. మొత్తం సిలబస్ కాదు, ఒక్క అధ్యాయం. మొత్తం జీవితం కాదు, ఇవాళ. కాలువ మూడున్నర మైళ్లయినా తవ్వేవాడి తలమీద ఒకసారికి ఒక్క తట్టే ఉంటుంది. ప్రార్థన అలవాటున్నవాళ్లయితే ఆ ఒక్క పనికి ముందు ఒక్క నిమిషం మీ దేవుడితో మాట్లాడండి. కోపం ఉంటే కోపంగానే మాట్లాడండి. మనసు మరీ కుంగిపోయి రోజులు గడిచినా తేరుకోలేకపోతే పాస్టరు గారికో, టీచరుకో, డాక్టరుకో చెప్పండి. ఒంటరిగా మోయడం విశ్వాసం కాదు.

మీరు నేర్చుకున్నదేదీ వృథా అని అనుకోకండి. ఇంటర్ అయ్యాక ఆరు నెలలు మేస్త్రీ పని చేశారా? కిరాణా కొట్లో లెక్కలు రాశారా? హైదరాబాదులో అపార్ట్‌మెంట్లకు కరెంటు పని నేర్చుకున్నారా? రెజ్యూమెలో రాయడానికి సిగ్గుపడకండి. మిన్నెసోటా అడవిలో గొలుసు పట్టిన కుర్రాడికి ఆ పని ఇరవయ్యేళ్ల తర్వాత ఎంతమంది ప్రాణాలు నిలబెడుతుందో తెలియదు.

ఇంకొక్క మాట. ఈసారి ఒంగోలు కోచింగ్‌కో, పరీక్షకో వెళ్లినప్పుడు వీలైతే ప్రార్థన కొండ ఎక్కి రండి. విజయవాడ వైపు పోయే బస్సులో గుండ్లకమ్మ వంతెన దాటేటప్పుడు కిటికీలోంచి ఒకసారి కిందికి చూడండి. ఇసుక, కాస్త నీళ్లు తప్ప ఏమీ కనిపించకపోవచ్చు. కరువులో అయినవాళ్లను పోగొట్టుకుని, అరచేతుల్లో బొబ్బలతో, ఆ ఏటి నీళ్లలోకి పాడుతూ దిగిన మనుషులు ఎక్కడివాళ్లో కాదు. కనిగిరి, పొదిలి, కంభం వైపు నుంచి నడిచొచ్చినవాళ్లు. మీ ఊరి దారిన నడిచినవాళ్లు.